పాపనిర్ణయమునకు ప్రకృతి ప్రమాణమగునా?

"ఇది సహజమే కదా, ఇందులో పాపమేమున్నది?" అని ఒకరందురు. "ఇది ప్రకృతివిరుద్ధము, కనుక పాపము" అని మరియొకరందురు. ఈ రెండు వాక్యములును పైకి పరస్పరవిరుద్ధములుగా తోచును. పరిశీలించినచో రెండింటికిని మూలమొక్కటియే. ఇరువురును ప్రకృతినే ప్రమాణపీఠముపై కూర్చుండబెట్టిరి. ఒకరు దానిచేత విడుదల కోరుచున్నారు, మరియొకరు దానిచేత శిక్ష విధించుచున్నారు. ప్రకృతికి ఆ అధికారము కలదా అను ప్రశ్నను ఇరువురును అడుగలేదు.

భారతీయ దర్శనచరిత్రలో ఆ ప్రశ్న అతిప్రాచీనమైనది. ఋక్సంహితలో దాని బీజము కానవచ్చును. ఇతిహాసములలో అది కథారూపము దాల్చెను. బౌద్ధ, సాంఖ్య, మీమాంసా, వేదాంతాచార్యుల నడుమ శతాబ్దుల తరబడి వాదవిషయమయ్యెను. ఆ చర్చాక్రమమును తెలిసికొనుట సాధకునకు కేవల పాండిత్యముకొరకు కాదు. తన దోషమును తాను "నా స్వభావమింతే" అని కప్పిపుచ్చుకొనుటయో, పరుని "ప్రకృతివిరుద్ధుడు" అని త్రోసివేయుటయో జరుగుచున్న వేళ, ఆ చర్చ అతనికి అద్దము వంటిది.

ఋతము: ఏకమైన రెండు క్రమములు

వేదర్షులకు జగత్క్రమమును, నీతిక్రమమును వేర్వేరు పదములచేత చెప్పవలసిన అవసరము తొలుత కలుగలేదు. ఋతమను ఒక్క పదమే రెండింటికిని చాలెను. నదులు ప్రవహించుట, ఉషస్సు తప్పక ఉదయించుట, యజ్ఞము యథావిధిగా సాగుట, మనుష్యుడు సత్యము పలుకుట, ఇవన్నియు ఋతములే. దానికి వ్యతిరేకమైనది అనృతము. నేటికిని ఆ పదమునకు అసత్యమనియే అర్థము. ఋతమునకు రక్షకుడు వరుణుడు. అపరాధిని బంధించు పాశములు అతనివే.

దీనినిబట్టి వైదికదృష్టిలో ప్రకృతియే పాపనిర్ణాయకమని తొందరపడి చెప్పరాదు. దశమమండలములోని యమయమీసంవాదము ఇందుకు సాక్ష్యము. యమి తన కోరికను సమర్థించుకొనుటకు చూపిన హేతువు అక్షరాలా ప్రకృతిసంబంధమే. తామిరువురును కవలలు. సృష్టికర్తయైన త్వష్టయే గర్భమునందు తమను జంటగా కూర్చెనని ఆమె వాదము. యముడు ఆ జన్మసాన్నిధ్యమును కాదనలేదు. కాని దేవతల చారులు రెప్పవాల్పక సంచరించుచున్నారనియు, సోదరిని పొందువానిని పాపియందురనియు చెప్పి నిరాకరించెను. సృష్టి ఒకచోట కలిపినంత మాత్రమున ధర్మము కూడ కలిపినట్లు కాదని ఆ సూక్తము తేటపరచుచున్నది. ఋతములో ఏకమైయున్న రెండు క్రమములు విడివడుటకు అది ఒక తొలి గుర్తు.

సప్తమమండలములో వసిష్ఠుడు వరుణుని ఎదుట నిలిచి తన అపరాధమేదో తెలుపుమని వేడుకొనును. అది తన ఇచ్ఛ కాదనియు, మద్యము, క్రోధము, పాచికలు, అవివేకము తనను త్రోవ తప్పించెననియు విన్నవించును. ఇచట ఒక సూక్ష్మము గమనింపదగును. ప్రేరకములను పేర్కొనినను అతడు తాను నిర్దోషినని చెప్పలేదు. కారణము చెప్పుట వేరు, క్షమాపణ కోరుట వేరు. మహర్షి రెండింటిని కలుపలేదు.

స్వభావవాదుల పక్షము

శ్వేతాశ్వతరోపనిషత్తు ఆరంభమున జగత్కారణమేమని బ్రహ్మవాదులు విచారించుచు కాలము, స్వభావము, నియతి, యదృచ్ఛ మొదలగువానిని పరిగణించిరి. అనగా స్వభావమే సర్వమునకు కారణమను పక్షము అప్పటికే ప్రసిద్ధమైయుండెను. అశ్వఘోషుని బుద్ధచరితమునందు, రాజకుమారుని అరణ్యమునుండి మరలించుటకు వచ్చిన మంత్రి ఈ వాదమునే ఎత్తుకొనును. ముండ్లకు పదునును, పశుపక్షులకు వైచిత్ర్యమును ఎవరును కల్పింపలేదు. అన్నియు స్వభావసిద్ధములే అయినప్పుడు ప్రయత్నమున కవకాశమేది అని అతని తాత్పర్యము.

ఆజీవకాచార్యుడైన మక్ఖలి గోశాలుడు ఇంకొక అడుగు ముందునకు వేసెను. ప్రాణుల మలినతకుగాని, శుద్ధికిగాని హేతువు లేదు. సర్వమును నియతివశమున పరిణమించుచున్నదని అతని మతముగా బౌద్ధగ్రంథములు తెలుపుచున్నవి. 14వ శతాబ్దిలో మాధవాచార్యుడు సర్వదర్శనసంగ్రహమును రచించుచు చార్వాకమతమును మొట్టమొదట నిలిపెను. అందును జగద్వైచిత్ర్యమునకు స్వభావమే సమాధానము. అదృష్టరూపమైన ధర్మాధర్మములను అంగీకరింపవలసిన పని లేదు.

ఈ వాదముల బలము తక్కువది కాదు. ప్రకృతిని ప్రమాణముగా నిలిపి నిష్కపటముగా చివరివరకు నడచినవారికి దొరికినది పాపలక్షణము కాదు, పాపాభావము. పులి లేడిని చంపును. అది పాపము కాదు. అగ్ని దహించును. అది పాపము కాదు. ప్రకృతిలో జరుగునది ఉన్నది, జరుగవలసినది లేదు. కనుక ప్రకృతినుండి పాపమును నిర్వచింపబూనినవాడు స్వభావవాదికి ముందుగా సమాధానము చెప్పవలసియుండును.

గోధర్మము, మనుష్యధర్మము

ఇతిహాసకర్తలు ఈ సమస్యను పశుదృష్టాంతముద్వారా పరీక్షించిరి. దీర్ఘతమసుడు ఋగ్వేద ప్రథమమండలములో పెక్కు సూక్తములకు ద్రష్ట, జన్మాంధుడు. అతడు సురభిపుత్రునివద్ద గోధర్మమును నేర్చి, దానిని నిశ్శంకగా ఆచరించెనని భారత ఆదిపర్వ పాఠములందును, పురాణములందును కథ కలదు. గోవు పూజ్యమైనది. గోవుల నడవడి వాటికి దోషము కాదు. అయినను ఆశ్రమవాసులు ఆ మునిని మర్యాద తప్పినవానిగా ఎంచి సహింపలేకపోయిరి. తుదకు పుత్రులే అతనిని కట్టి తెప్పపై గంగలో విడిచిరి. పశువునకు నిర్దోషమైనది, మంత్రద్రష్టయైనను మనుష్యునకు నిర్దోషము కాలేదు.

అదే పర్వమున పాండురాజు కుంతికి శ్వేతకేతువు వృత్తాంతమును చెప్పును. పూర్వకాలమున స్త్రీపురుషుల కలయికకు కట్టుబాటు లేదట. ఒక విప్రుడు తన తల్లిని చేయిపట్టి తీసికొనిపోవుచుండగా శ్వేతకేతువు క్రుద్ధుడయ్యెను. తండ్రియైన ఉద్దాలకుడు శాంతపరచుచు, ఇది సనాతనమైన ధర్మమనియు, గోవులవలె ప్రజలు వర్తించుచున్నారనియు చెప్పెను. కుమారుడు దానిని సహింపక నూతనమర్యాదను స్థాపించెను. నాటినుండి దానిని అతిక్రమించుట భ్రూణహత్యాసమమైన పాతకమయ్యెను. స్త్రీపురుషులిరువురకును ఆ నియమము వర్తించునని కూడ అచట చెప్పబడినది.

ఈ కథ భక్తులను కొంత కలవరపెట్టును. పాపమునకు ఒక ఆరంభదినమున్నదా అని సంశయము కలుగును. కాని కథలోని తాత్పర్యము స్పష్టము. ప్రకృతిసామ్యమును చూపినవాడు తండ్రి. మర్యాదను నిలిపినవాడు కుమారుడు. వ్యాసుడు కుమారుని మర్యాదనే లోకమున నిలిచినదిగా చెప్పెను.

కిష్కింధాకాండలోని వాలిరామసంవాదము ఇంకను జటిలమైనది. తాను అడవిలో ఫలమూలములు తిను వానరుడననియు, తనను చంపుట అధర్మమనియు వాలి ఆక్షేపించెను. సుగ్రీవుడు జీవించియుండగనే అతని భార్యయైన రుమను స్వీకరించుట తీవ్రదోషమని శ్రీరాముడు ప్రత్యుత్తరమిచ్చెను. వానరునకు మనుష్యనియమము వర్తించునా? ఈ శంకకు సంవాదమునందే ఒక సమాధానము దాగియున్నది. వాలి తన ఆక్షేపణను శాస్త్రమర్యాదతోనే చేసెను. ఏది భక్ష్యము, ఏది అభక్ష్యము, ఏ పాపములు నరకహేతువులు అని వివరించెను. ధర్మమును ఎరిగి, దానిని పరునిపై ప్రయోగింపగలవాడు తన విషయమున మాత్రము జంతుస్వభావమును ఆశ్రయింపజాలడు. అయితే అదే ప్రత్యుత్తరమున రాముడు రాజుల మృగయాధికారమును కూడ చెప్పెను. ఆ రెండు హేతువులు ఎట్లు పొసగునను చర్చ నేటికిని ముగియలేదు. వాల్మీకి ఆ సంకటమును దాచలేదు.

ప్రకృతిసావద్యము: బౌద్ధుల విభాగము

"ప్రకృతిచేతనే పాపము" అను భావమునకు పారిభాషికమైన నామమిచ్చినవారు బౌద్ధాచార్యులు. వసుబంధుని అభిధర్మకోశము దోషములను రెండుగా విభజించును. మొదటిది ప్రకృతిసావద్యము, అనగా స్వరూపముచేతనే దోషయుక్తమైనది. రెండవది ప్రతిక్షేపణసావద్యము, అనగా శాస్త నిషేధించుటవలన మాత్రమే దోషమైనది. ప్రాణిహింస మొదటి వర్గమునకు చెందును. మద్యపానమెందు చేరును? ఇచట వారిలో వారికే భేదము కలిగెను. వినయధరులు దానిని ప్రకృతిసావద్యమనిరి. ఆభిధార్మికులు అంగీకరింపలేదు. ఔషధబుద్ధితో, మత్తు కలుగని పరిమాణములో త్రాగువాని చిత్తము క్లిష్టము కాకపోవచ్చును గనుక అది నిషేధమాత్రముననే దోషమనిరి.

ఇందులో ముఖ్యవిషయమొకటి కలదు. ఇక్కడి ప్రకృతిశబ్దమునకు వనములు, మృగములు, ఋతువులు అని అర్థము కాదు. క్లిష్టచిత్తముతో తప్ప చేయుటకు వీలులేని కర్మయే ప్రకృతిసావద్యమని వారి లక్షణము. రాగద్వేషమోహములు లేక ఎవడును చేయజాలనిది అని భావము. కనుక ప్రకృతిసావద్యమును అంగీకరించిన మతముకూడ బాహ్యప్రకృతిని ప్రమాణముగా కొనలేదు. చిత్తమును చూచినది.

యజ్ఞహింసావివాదము

వైదికదర్శనములలో ఈ ప్రశ్న యజ్ఞశాలయందు తీవ్రరూపము దాల్చెను. సర్వప్రాణులయెడ అహింసను విధించిన వేదమే అగ్నీషోమీయపశువును విధించినది. ఆ వధవలన పాపము కలుగునా?

ఈశ్వరకృష్ణుడు సాంఖ్యకారికలయందు వైదికోపాయమునకు అశుద్ధి, క్షయము, అతిశయము అను మూడు దోషములను చెప్పెను. వాచస్పతిమిశ్రుడు తత్త్వకౌముదిలో ఆ అశుద్ధిని వివరించెను. హింసానిషేధము హింసవలన అనర్థము కలుగునని తెలుపుచున్నది. యజ్ఞవిధి ఆ హింస క్రతువునకు ఉపకారకమని తెలుపుచున్నది. ఈ రెండింటికిని విరోధమే లేదు. కనుక యాగము పుణ్యమునిచ్చును, అందలి హింస స్వల్పపాపమును కూడ తెచ్చును. అది ప్రాయశ్చిత్తముచే పోగొట్టుకొనదగినదని పంచశిఖాచార్యుని అభిప్రాయమును కూడ అతడు అనుసరించెను. హింస ఎచట చేసినను తన స్వరూపమును విడువదని సాంఖ్యుల ఆశయము. ప్రకృతికి పాపనిర్ణయమున కొంత స్థానమిచ్చిన దర్శనమిది.

దీనిని ఎదిరించినవాడు కుమారిలభట్టు. క్రీ.శ. 7వ శతాబ్దికి చెందిన ఈ మీమాంసకుడు శ్లోకవార్తికమునందు, చోదనాసూత్రవ్యాఖ్యలో, పూర్వపక్షమును నిర్దాక్షిణ్యముగా పరీక్షించెను. హింసింపబడినవానికి దుఃఖము కలుగుచున్నది గనుక హింసించినవానికి ముందు అట్టి దుఃఖమే కలుగునని ఊహించుట పూర్వపక్షము. అనగా పరపీడయే అధర్మము, పరోపకారమే ధర్మము. వినుటకు ఎంతయు హృద్యమైన మాట.

కుమారిలుని ప్రశ్నలు మూడు. జపము చేయువాడు ఎవరికి ఉపకారము చేయుచున్నాడు? ఏకాంతమున మద్యము త్రాగువాడు ఎవరిని పీడించుచున్నాడు? పీడోపకారములే లక్షణములైనచో జపము ధర్మము కాకపోవును, సురాపానము అధర్మము కాకపోవును. మూడవది ఇంకను కఠినమైనది. గురుపత్నీగమనమున ఆమెకు సుఖమే కలిగినచో అది మహాధర్మము కావలసివచ్చును. గురుతల్పగమనము పంచమహాపాతకములలో ఒకటి. దానిని ధర్మముగా మార్చివేయు లక్షణము లక్షణమే కాదు.

అప్పుడు పూర్వపక్షి అంతరంగమును ఆశ్రయించును. చేయుచున్నప్పుడు హృదయము కలతచెందుచున్నది కదా, అదియే పాపచిహ్నమనును. కుమారిలుడు దానికిని సమాధానమిచ్చెను. ఆ కలత దేనివలన కలిగినది? ఇది పాపమని ముందుగా తెలిసియుండుటవలన. పాపమని తెలియుట దేనివలన? కలతవలన అన్నచో అన్యోన్యాశ్రయదోషము. శాస్త్రమెరుగనివానికి ఆ కలతయే కలుగదు. అతనికి పాపమే లేదనవలసివచ్చును. కనుక విధినిషేధములే ధర్మాధర్మములకు ప్రమాణమని అతని సిద్ధాంతము.

మద్యపానోదాహరణము బౌద్ధుల చర్చయందును, కుమారిలుని వాదమునందును ఉండుట విశేషము. పరునకు బాధ కలిగింపని కర్మ పాపమెట్లగునను ప్రశ్నకు అది రెండు మతములయందును గీటురాయి అయినది.

నైయాయికులు మధ్యేమార్గమును సూచించిరి. వాత్స్యాయనుడు న్యాయభాష్యమున పాపప్రవృత్తులను పదిగా లెక్కించెను. శరీరముచే హింస, స్తేయము, నిషిద్ధమైథునము. వాక్కుచే అనృతము, పరుషము, పైశున్యము, అసంబద్ధప్రలాపము. మనస్సుచే పరద్రోహము, పరద్రవ్యాభిలాష, నాస్తిక్యము. వీటికి మూలము రాగద్వేషములు, వాటికి మూలము మిథ్యాజ్ఞానము. ఈ జాబితాలో మైథునమునకు మాత్రము నిషిద్ధమను విశేషణము చేరుట గమనింపదగినది. ఆ ప్రవృత్తి స్వతః పాపము కాదు, నిషేధము తాకినప్పుడే పాపము. 17వ శతాబ్దిలో ఆంధ్రుడైన అన్నంభట్టు తర్కసంగ్రహమున ఈ సంప్రదాయసారమునే సంక్షేపించెను. విహితకర్మజన్యమైనది ధర్మము, నిషిద్ధకర్మజన్యమైనది అధర్మము. తెలుగునాట తర్కవిద్యార్థులు నేటికిని మొదట కంఠస్థము చేయు పుస్తకమిది. అందలి పాపలక్షణమున ప్రకృతిశబ్దము లేదు.

ప్రకృతి పాపమునకు ఫలము

బ్రహ్మసూత్ర తృతీయాధ్యాయభాష్యమున శంకరభగవత్పాదులు ఈ యజ్ఞహింసాశంకనే ఎదుర్కొనిరి. ధర్మాధర్మములు అతీంద్రియములు. పైగా దేశకాలనిమిత్తములనుబట్టి మారునవి. ఒకచోట ధర్మముగా అనుష్ఠింపబడినది మరియొకచోట అధర్మమగును. అందువలన శాస్త్రము లేనిదే వాటి జ్ఞానము ఎవరికిని కలుగదని నిర్ణయించిరి. ప్రకృతి సర్వత్ర ఒకేరీతిగా ప్రవర్తించును. అగ్ని కాశిలోను కాల్చును, కంచిలోను కాల్చును. దేశకాలపాత్రలతో మారు ధర్మమును అది ఎట్లు తెలుపగలదు?

ఇంకను లోతైన సమాధానము గీతాభాష్యమున కలదు. తృతీయాధ్యాయమున భగవానుడు జ్ఞానవంతుడుకూడ తన ప్రకృతికి అనుగుణముగనే చేష్టించుననియు, నిగ్రహము ఏమి చేయగలదనియు పలికెను. స్వభావవాది ఆనందింపదగిన వాక్యమిది! కాని ఆ ప్రకృతి యేమి? పూర్వము చేసిన ధర్మాధర్మాదుల సంస్కారమే వర్తమానజన్మారంభమున అభివ్యక్తమై ప్రకృతి అనబడుచున్నదని ఆచార్యుల వ్యాఖ్య. ఈ ఒక్క వివరణముతో సమస్య తలక్రిందులగును. నా ప్రకృతి అని జీవుడు చెప్పుకొనునది నా పూర్వపుణ్యపాపముల శేషమే. పాపఫలమును తెచ్చి పాపమునకు కొలబద్దగా నిలుపుట, అప్పుపడినవాడు తన అప్పుపత్రమునే ఆస్తిగా చూపుటవంటిది.

వెంటనే ఆచార్యులు శంకను లేవనెత్తిరి. ప్రతిప్రాణియు ప్రకృతివశమున నడచుచుండగా పురుషప్రయత్నమున కవకాశమేది? శాస్త్రము వ్యర్థము కాదా? తరువాతి శ్లోకము దీనికి సమాధానము. ఇంద్రియములకు తమ విషయములందు రాగద్వేషములు కుదురుకొనియున్నవి. ప్రకృతి మనుష్యుని లాగికొనిపోవునది ఆ రాగద్వేషములద్వారముననే. వాటికి వశుడు కాకున్నచో శాస్త్రము పట్టుకొనుటకు చోటు దొరకును. ప్రవాహమును ఆపుట కాదు, పాదము నిలుపుకొనుట.

అర్జునుడు అంతటితో తృప్తిచెందక, ఇష్టములేకున్నను బలవంతముగా పురుషుడు పాపము చేయుటకు ప్రేరకమెవ్వరని అడిగెను. అది వసిష్ఠుడు వరుణుని ఎదుట చేసిన విన్నపముయొక్క ప్రతిధ్వనివలె వినబడును. రజోగుణమునుండి పుట్టిన కామక్రోధములని సమాధానము. గుణములు ప్రకృతివి. అనగా గీతలో ప్రకృతి పాపమును నిర్ణయించునది కాదు, పాపమునకు ప్రేరణస్థానము. ఆ చోటునుండి తీర్పును వినజాలము.

అష్టాదశాధ్యాయమున స్వభావనియతమైన కర్మను చేయువాడు పాపమును పొందడని కూడ చెప్పబడినది. అది పూర్వోక్తమునకు విరుద్ధము కాదు. అచట స్వభావమను పదమునకు యథేచ్ఛాప్రవృత్తి అని అర్థము లేదు. గుణానుసారముగా విహితమైన కర్తవ్యమని అర్థము. విషమునందు పుట్టిన క్రిమికి విషము హాని చేయనట్లని ఆచార్యుల దృష్టాంతము. తరువాతి శ్లోకమే, పొగ నిప్పును కప్పినట్లు సర్వకర్మలను దోషము ఆవరించియున్నదని హెచ్చరించుచున్నది.

సహజము నిర్దోషమా?

మాంసము, మద్యము, మైథునము దోషములు కావనియు, అవి ప్రాణుల సహజప్రవృత్తియనియు, నివృత్తి మహాఫలప్రదమనియు మనుస్మృతి పంచమాధ్యాయమున ఒక ప్రసిద్ధవచనము కలదు. పూర్వార్ధమును మాత్రము పట్టుకొనువారు పెక్కురు. కాని వ్యాఖ్యాతలు దానిని అనిషిద్ధస్థలమునకే పరిమితము చేసిరి. భాగవత ఏకాదశస్కంధమున చమసమహర్షి నిమిచక్రవర్తికి ఇదే విషయమును విశదీకరించెను. ఈ మూడింటియందు ప్రాణికి ప్రేరణ సహజముగనే కలదు. విధి అక్కరలేదు. వివాహాదిరూపమున శాస్త్రము చేసినది ప్రోత్సాహము కాదు, వ్యవస్థ. దాని లక్ష్యము నివృత్తియే. సహజమైనదానిని శాస్త్రము విధింపనవసరము లేదు. కనుక విధినిషేధములు మొదలగు చోటు, సహజత్వము చాలని చోటు.

అనివార్యమైనది పాపమెట్లగునని కొందరికి శంక. గృహస్థునకు ఐదు హింసాస్థానములను స్మృతి చెప్పుచున్నది. పొయ్యి, తిరుగలి, చీపురు, రోలు, నీటికుండ. వీటిని విడిచి ఏ ఇల్లును బ్రతుకజాలదు. ప్రకృతిధర్మమని శాస్త్రము వాటిని విడిచిపెట్టలేదు. పాపమని భయపెట్టి గృహమును మూయింపనూ లేదు. నిష్కృతిగా బ్రహ్మ, పితృ, దేవ, భూత, మనుష్యయజ్ఞములను నిత్యవిధిగా ఏర్పరచెను. ఆరణ్యపర్వమున ధర్మవ్యాధుడుకూడ, నాగటి చాలులో ఎన్ని జీవులు నశించుచున్నవో కౌశికునకు గుర్తుచేసి, పూర్ణముగా హింస చేయనివాడెవడని ప్రశ్నించెను. కాని అతడు ఆ ప్రశ్నను నిర్లజ్జకు సాధనముగా వాడలేదు. వినయమునకు కారణముగా చూపెను.

పాపమువలన ప్రకృతికి ఏమగునను ప్రశ్నను చరకసంహిత తడవినది. పాంచాలదేశమున, కాంపిల్యమువద్ద గంగాతీరమున సంచరించుచు ఆత్రేయుడు అగ్నివేశునకు జనపదోద్ధ్వంసమును ఉపదేశించెను. వాయువు, జలము, దేశము, కాలము చెడినప్పుడు జనపదములు నశించును. వాటి వైగుణ్యమునకు మూలము అధర్మము, దానికి మూలము ప్రజ్ఞాపరాధము. ఈ క్రమమున బాణము ఏ దిక్కునుండి ఏ దిక్కునకు పోవుచున్నదో చూడవలెను. ప్రకృతినుండి పాపమునకు కాదు. ప్రజ్ఞాపరాధమునుండి ప్రకృతికి. ప్రకృతి ఇచట తీర్పరి కాదు, గాయపడిన సాక్షి.

ఒక పరాయి పదము

నేడు "ప్రకృతివిరుద్ధము" అను మాట ఏదో ప్రాచీన ధర్మశాస్త్రపరిభాషవలె వినబడుచున్నది. విష్ణుధర్మసూత్రమున పాపవర్గములు తొమ్మిది. అతిపాతకము, మహాపాతకము, అనుపాతకము, ఉపపాతకము, జాతిభ్రంశకరము, సంకరీకరణము, అపాత్రీకరణము, మలావహము, ప్రకీర్ణకము. వీటిలో ప్రకృతివిరుద్ధమను వర్గము లేదు. నేడు ఆ పేరుతో వ్యవహరింపబడు కామకృత్యములలో కొన్నింటిని స్మృతులు నిషేధించిన మాట నిజమే. వాటికి ప్రాయశ్చిత్తములను విధించిన మాటయు నిజమే. కాని అవి నిషిద్ధములు గనుక దోషములనిరి. ప్రకృతికి విరోధులని ఒక ప్రత్యేకజాతిగా వేరుచేయలేదు.

ఆ వర్గీకరణకు ప్రధానాశ్రయము పాశ్చాత్యమతశాస్త్రము. 13వ శతాబ్దిలో థామస్ అక్వినాస్ కామదోషములలో ప్రకృతివిరుద్ధములను ఒక ప్రత్యేకవర్గముగా చర్చించెను. ఆంగ్లదేశమున 1533లో అట్టి కృత్యములు రాజశాసనముచే దండార్హములయ్యెను. 1860 నాటి భారతీయ శిక్షాస్మృతి 377వ సెక్షను ప్రకృతిక్రమమునకు విరుద్ధమను భావమును ఈ దేశపు చట్టమున చేర్చెను. 2018 సెప్టెంబరు 6న సర్వోన్నతన్యాయస్థానము, వయోజనుల పరస్పరసమ్మతితో ఏకాంతమున జరుగు వ్యవహారమునకు అది వర్తింపదని తీర్పుచెప్పెను. ఆ తీర్పును ఎవరెట్లు స్వీకరించినను ఒక విషయము చరిత్రసిద్ధము. పరుని పాపిగా నిందించుటకు వాడబడు ఆ పదమునకు వెనుకనున్నది కుమారిలుని ప్రమాణశాస్త్రమో, శంకరుల భాష్యమో కాదు. శాస్త్రమును ప్రమాణముగా కొనువాడు శాస్త్రపు మాటను, శాసనపు మాటను వేరుచేసికొనవలెను.

సాధకునకు మిగిలినది

ఆంధ్రదేశమున విస్తారముగా అనుసరింపబడు ఆపస్తంబుని ధర్మసూత్రమున ఒక గంభీరభావమున్నది. ధర్మాధర్మములు తమంతట తాము వచ్చి ఇదిగో మేము అని చెప్పుకొనవు. దేవతలును, గంధర్వులును, పితృదేవతలును వాటిని వ్రేలు పెట్టి చూపరు. శిష్టుల ప్రశంసనిందలను చూచి గ్రహింపవలెనని సూత్రకారుని తాత్పర్యము. దేవతలే చూపనిదానిని వృక్షములు, మృగములు చూపునా?

ఇంతటి చర్చయందును సాంఖ్యుల వేదన వృథా కాలేదు. విధి ఉన్నను పశువు దుఃఖము దుఃఖమే అని వారు మరువనీయలేదు. ప్రాణులయెడ కరుణకు ప్రకృతి నిత్యము అవకాశము నిచ్చుచున్నది. మీమాంసకుల కాఠిన్యమును వృథా కాలేదు. తన హృదయము కలతచెందనంత మాత్రమున తాను నిర్దోషినని భావించు అహంకారమును వారు తొలగించిరి. వేదాంతాచార్యులు ఈ రెండింటికిని మూలమైన రాగద్వేషములను చూపిరి.

ప్రకృతి క్షేత్రము. అందు పుణ్యమును పండును, పాపమును పండును. ఏ విత్తనము వేయవలెనో క్షేత్రము చెప్పదు. "ఇది నా స్వభావము" అను మాట నోటికి వచ్చినప్పుడు, ఆ స్వభావము ఏ కర్మల శేషమో సాధకుడు విచారించుగాక. "అది ప్రకృతివిరుద్ధము" అని పరునిపై వ్రేలు లేచినప్పుడు, ఆ వ్రేలిని కదిలించినది శాస్త్రమా, ద్వేషమా అని ముందుగా పరీక్షించుగాక. వసిష్ఠుడు వరుణుని ఎదుట నిలిచినప్పుడు పరుల అపరాధమును గూర్చి అడుగలేదు. తన అపరాధమేదని మాత్రమే అడిగెను.